నాలుగు డ్రమ్ముల సంగతి

ఆసుపత్రి, మూడో అంతస్తు
మే 9

అన్నయ్యా,

ఉత్తరం మొదట్లో ఇక్కడంతా కులాసా అని రాయడం మన ఇంట్లో అలవాటు. ఈసారి ఆ వాక్యం వదిలేస్తున్నాను, ఏమీ అనుకోకు. మీ బావను ఆసుపత్రిలో చేర్చి నేటికి ఆరు రోజులు.

నువ్వు ఫోన్ చేస్తున్నావు, నేను ఎత్తడం లేదు. ఎత్తితే ‘ఊఁ’ తప్ప ఇంకో మాట రావడం లేదు. లైను తెగిందనుకుని నువ్వు అవతల హలో హలో అని అరుస్తావు, వార్డంతా నా వంక చూస్తుంది. కాగితమైతే తొందరపెట్టదు. అందుకని నువ్వూ ఉత్తరమే రాయి.

నెల రోజులుగా ఆయన మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం. పిక్కల మీద నీలం మచ్చలు, ఎక్కడ తగిలిందంటే తగల్లేదంటారు. రక్తం పరీక్ష చేస్తే మూడు రకాల కణాలూ అడుగంటిపోయాయన్నారు. నడుము దగ్గర ఎముకలోంచి మూలుగ తీసి చూశారు. అందులో ఉండాల్సింది లేదట. కొత్త రక్తం తయారుచేసే చోటు ఖాళీ అయిపోయిందని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. బొమ్మ చక్కగా వేసింది.

నాకు ఏడుపు రావడం లేదు. రానందుకు భయం కూడా వేయడం లేదు. షాపు నుంచి స్కూలు చొక్కాలు నలభై రెండు తెచ్చుకున్నాను, మంచం పక్కన కూర్చుని గుండీలు కుడుతున్నాను. పదో చొక్కా దాకా ఎవరు ఏం మాట్లాడారో నాకు గుర్తు లేదు.

అక్కడ ఏం పని చేస్తారు, ఏం పీలుస్తారు అని డాక్టరమ్మ ఆయన్ని అడిగింది. “కాలమ్ దగ్గర పనండీ. అందులో ఏముందో మా బావమరిదికి తెలుసు” అన్నారు. కంపెనీకి రాసి అడుగుతానంది. నాకు మాత్రం నువ్వు చెప్పు. పదేళ్ళుగా ఆయన యూనిఫాం ఉతుకుతున్నాను, అక్కడ ఏం చేస్తారో ఇప్పటిదాకా తెలియదు. దర్జీకి చెప్పినట్టు చెప్పు.

నీ చెల్లెలు


కొత్త యూనిట్, క్వార్టర్ నంబరు 17
మే 17

మా సూదమ్మకు,

ఉత్తరం అందింది. బావ ఉక్కుపిండం, ఆయనకేమీ కాదు. నువ్వు అన్నం మానేయకు. నీ సంగతి నాకు తెలుసు, గుండీలు కుడుతూ కూర్చుంటే తిండి గుర్తుకు రాదు నీకు.

అడిగావు కాబట్టి పాఠం చెబుతున్నాను, నిద్ర రాకుండా చూసుకో. సిరా ఫ్యాక్టరీ వాళ్ళు వాడేసిన స్పిరిట్ మన పాత ప్లాంటుకు పంపుతారు, నీళ్ళు కలిసి ఉంటుంది. ఆ నీళ్ళు తీసేసి మంచి స్పిరిట్ తిరిగి పంపాలి. కాలమ్ అంటే మూడంతస్తుల ఎత్తు గొట్టం అనుకో. కింద మరిగిస్తే స్పిరిట్ ముందు ఆవిరై పైకి పోతుంది, నీళ్ళు కింద ఉండిపోతాయి. నూటికి తొంభై ఆరు పాళ్ళ దాకా బుద్ధిగా వింటుంది. అక్కడ మొండికేస్తుంది. ఆపైన స్పిరిటూ నీళ్ళూ కలిసే మరుగుతాయి, కలిసే పైకి పోతాయి, కలిసే చల్లారతాయి. కాలమ్‌ను ఇంకో పది అంతస్తులు పెంచినా అంతే.

అప్పుడు మూడో ద్రవం ఒకటి పోస్తాం. అది నీళ్ళను వెంటబెట్టుకుని పైకి పోతుంది, అసలు స్పిరిట్ కింద మిగులుతుంది. పైకి పోయినదాన్ని చల్లార్చి డికాంటర్ అనే తొట్టిలో నిలబెడితే రెండు పొరలుగా తేరుకుంటుంది. కింది పొరతో నీళ్ళు బయటికి, పై పొర మళ్ళీ కాలమ్‌లోకి. మూడోది దాదాపు ఖర్చు కాదు, లోపలే తిరుగుతుంటుంది.

ఆ రెండు పొరల మధ్య గీత ఎక్కడుందో గంటగంటకీ చూడటం మా బావ ఉద్యోగం. కుళాయి తిప్పి సీసాలోకి పట్టి, వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి చూస్తాడు. మేము మీటరు చూసి చెప్పేలోపు ఆయన కంటితో చెప్పేసేవాడు. ఆయన్ని ఆ పనిలో పెట్టించినందుకు మేనేజరు నాకు రెండుసార్లు టీ ఇప్పించాడు.

ఇక్కడ కొత్త యూనిట్‌లో మూడోది వాడరు. పూసల్లాంటివి ఉంటాయి, నీళ్ళను అవే తాగేస్తాయి. హాయిగా ఉంది. బావ లేచి తిరగ్గానే రాయి.

నీ అన్నయ్య


ఆసుపత్రి, మూడో అంతస్తు
జూన్ 20

అన్నయ్యా,

అంత పెద్ద పాఠం చెప్పి ఆ మూడోదాని పేరు రాయడం మర్చిపోయావు. కంపెనీ ఉత్తరంలో చూశాను, సైక్లోహెక్సేన్ అట. పలకలేక నోరు తిరిగిపోయింది. డాక్టరమ్మ పుస్తకం తీసి చూసి, అది తల తిప్పుతుందేమో గానీ మూలుగ జోలికి పోదంది. కారణం తెలియని జబ్బని రాసుకుంది. ఉత్తి పుణ్యానికి కూడా ఒక్కోసారి ఇలా వస్తుందట. సరే అన్నాను.

మాత్రలు పడుతున్నాయి. కణాలు కొద్ది కొద్దిగా పైకి వస్తున్నాయి. నిన్న నర్సు రక్తం తీసి గొట్టాన్ని స్టాండులో పెట్టి వెళ్తే, ఈయన కాసేపాగి దాన్ని కిటికీ వైపు ఎత్తి చూడమన్నారు నన్ను. “గీత ఎక్కడుందో చెప్పవే” అన్నారు. పైన పసుపు, కింద ఎరుపు. చెప్పాను. “బాగానే తేరుకుంది, కాలమ్ నడుస్తోంది” అన్నారు. పక్క మంచం ఆయన నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటాను.

ఇక్కడ రోజులన్నీ ఒకే కొలతకు కత్తిరించిన గుడ్డల్లా ఉన్నాయి. ఏది మంగళవారమో ఏది శుక్రవారమో భోజనం బండి తోసే మనిషిని బట్టి తెలుసుకుంటున్నాను.

నీ చెల్లెలు


ఇల్లు, పై వాటా
జూలై 14

అన్నయ్యా,

ఇంటికి వచ్చాం. ఆయన కుర్చీలో కూర్చుని కిటికీలోంచి బస్సులు లెక్కపెడుతున్నారు. ముఖంలోకి రంగు వచ్చింది. నాకు సంతోషంగా ఉండాలి. ఉందేమోనని రెండుసార్లు వెతుక్కున్నాను, ఇంకా రాలేదు.

ఇది నువ్వు జాగ్రత్తగా చదవాలి. ఆగస్టు నుంచి పనిలోకి వెళ్ళొచ్చని డాక్టరమ్మ చెప్పింది. అయితే అదే చోటికా, వేరే చోటికా అన్నది తను చెప్పలేనంది. “కంపెనీ కాగితం నేను చూశాను. కానీ కాగితం రాసినవాళ్ళు ఆఫీసులో కూర్చుంటారు. అక్కడ పనిచేసిన కెమిస్టును అడగండి. కాగితంలో ఉన్నది తప్ప ఇంకేదీ లేదంటే అదే పనికి పంపండి” అంది. ఈ జబ్బు తిరగబెడితే ఈ మాత్రలు రెండోసారి పనిచేస్తాయన్న నమ్మకం లేదని కూడా అంది. ఆ మాట ఆయన వినలేదు, వరండాలో నాతో చెప్పింది.

అక్కడ పనిచేసిన కెమిస్టువి నువ్వే. ఫిబ్రవరి దాకా ఆ కాలమ్ నీ చేతిలో ఉంది. ఆయన్ని పంపాలా వద్దా అన్నది ఇప్పుడు నీ ఒక్క మాట మీద ఉంది. పంపితే పంపుతాను, వద్దంటే షాపులో ఇస్త్రీ పెట్టె ఇచ్చి కూర్చోబెడతాను. ఆయన అలుగుతారు, అలగనీ.

నీ చెల్లెలు


కొత్త యూనిట్, క్వార్టర్ నంబరు 17
జూలై 22

చెల్లీ,

డాక్టరుకు జవాబు: కాగితంలో ఉన్నది తప్ప అక్కడ ఇంకేదీ లేదు. భయపడాల్సిన పని లేదు, పంపించు.

కావాలంటే కొన్నాళ్ళు పంపుల దగ్గర పని అడగమను. అక్కడ మెట్లు ఉండవు, గాలి బాగా ఆడుతుంది, కాళ్ళకు విశ్రాంతి. బలవంతం ఏమీ లేదు, ఊరికే అంటున్నాను.

ఇక్కడ నన్ను ఇన్‌చార్జిని చేశారు. పని ఎక్కువగా ఉంది, అందుకే పెద్ద ఉత్తరం కాదు.

అన్నయ్య


ఆసుపత్రి, మూడో అంతస్తు
సెప్టెంబరు 25

అన్నయ్యా,

అదే వార్డు. ఈసారి గోడ పక్క మంచం. పదకొండు రోజులైంది.

నీ ఉత్తరం ఆయనకు నేనే చదివి వినిపించాను జూలైలో. పంపుల మాట వచ్చేసరికి నవ్వి, కుంటివాళ్ళను కూర్చోబెట్టే చోటది, నేను పోనన్నారు. ఆగస్టు నాలుగున వెళ్ళారు. నలభై ఒక్క రోజులు చేశారు. నలభై రెండో రోజు డికాంటర్ మెట్ల మీద కూలబడిపోతే మోసుకొచ్చారు. ముక్కులోంచి రక్తం ఆగలేదు. జ్వరం దిగడం లేదు. ఇప్పటికి తొమ్మిది సంచుల రక్తం ఎక్కించారు, రెండు రోజుల్లో అదీ ఎటో పోతోంది. మాత్రలు పనిచేయడం లేదు.

ఇప్పుడు ఇంకో సంగతి. రసాయనాలు నేను చదవలేదు. కానీ గుడ్డ వాసన చూసి అది ఏ ఇంటి నుంచి వచ్చిందో చెప్పగలను, నా బతుకే అది. ఆయన యూనిఫాం మొదట్నుంచీ కిరోసిన్ దగ్గర పెట్టిన గుడ్డలా ఉండేది. జనవరి ఆఖర్లో అందులో తీపి వాసన మొదలైంది. సబ్బు మార్చాను కదా, అదేమోనని పట్టించుకోలేదు. మే నుంచి జూలై దాకా ఆయన పనికి వెళ్ళలేదు, ఆ వాసన లేదు. ఆగస్టు నాలుగు సాయంత్రం చొక్కా విప్పి తాడు మీద వేస్తే మళ్ళీ వచ్చింది. సబ్బు అదే సబ్బు.

ఉతకని చొక్కా ఒకటి కవర్లో పెట్టి మూతి కట్టాను. డాక్టరమ్మకు ఇచ్చేముందు నిన్ను అడుగుతున్నాను. నేనేమీ ఊహించుకోవడం లేదు, ఊహించే ఓపిక లేదు. ఆ కాలమ్‌లో ఏముంది?

నీ చెల్లెలు


కొత్త యూనిట్, క్వార్టర్ నంబరు 17
అక్టోబరు 1

చెల్లీ,

బెంజీన్ ఉంది. చొక్కా ఇచ్చెయ్. ఈ ఉత్తరం కూడా డాక్టరుకు ఇచ్చెయ్, అందుకే విడమరిచి రాస్తున్నాను.

పదకొండేళ్ళ కిందటిదాకా అందరూ మూడోదానిగా బెంజీనే పోసేవారు. అది రక్తాన్ని తినేస్తుందని తేలాక మాన్పించారు. అప్పుడు మిగిలిన నాలుగు డ్రమ్ములు వెనక షెడ్డులో ఉండిపోయాయి. పారేయాలంటే పద్ధతులు చాలా ఉన్నాయి, ఎవరూ పూనుకోలేదు.

జనవరి 23న సైక్లోహెక్సేన్ లారీ రాలేదు. డికాంటర్‌లో గీత చెదిరిపోతోంది, బావే వచ్చి చెప్పాడు. సిరా ఫ్యాక్టరీ ట్యాంకరు గేటు దగ్గర నిలబడి ఉంది. మేనేజరు సెలవు. అందరూ భోజనానికి వెళ్ళిన వేళ చూసి, ఆ నాలుగు డ్రమ్ములూ నేనే దొర్లించుకొచ్చి పంపుకు తగిలించాను. పుస్తకంలో సైక్లోహెక్సేన్, నాలుగు డ్రమ్ములు అని రాసి సంతకం పెట్టాను. అరగంటలో గీత కత్తితో కోసినట్టు నిలబడింది. ఆ రోజు ట్యాంకరు నిండి వెళ్ళిపోయింది. నాకు గర్వంగా కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు.

లారీ నాలుగు రోజులకు వచ్చింది. లోపలున్నది తీసి మార్చాలంటే కాలమ్ రెండు రోజులు ఆపాలి, ఎందుకు ఆపుతున్నానో చెప్పాలి. వచ్చే వారం చెబుదామనుకున్నాను. ఆ వచ్చే వారం నాకు ప్రమోషన్ కాగితం వచ్చింది. తగ్గినప్పుడల్లా పైన సైక్లోహెక్సేన్ పోస్తారు కాబట్టి ఇది దానంతటదే పలచబడిపోతుందని లెక్కవేసుకున్నాను. లెక్క తప్పు కాదు. రెండేళ్ళు పడుతుంది, అంతే.

మేలో నీ ఉత్తరం చూడగానే నాకు తెలిసిపోయింది. ఒకవేళ కాదేమో, ఉత్తి పుణ్యానికి వచ్చిందేమో అని నువ్వు రాసేదాకా ఎదురుచూశాను. నువ్వు అలా రాశావు కూడా. జూలైలో నువ్వు నిలదీసి అడిగినప్పుడు, నిజం చెప్పకుండానే బావను అక్కడి నుంచి తప్పించొచ్చనుకున్నాను. పంపుల మాట అందుకే. ఆ మాట వింటాడని నమ్మాను.

నాకు సిగ్గుగా ఉంది. ఈ వాక్యం రాయడానికే గంట పట్టింది, రాశాక చూస్తే చాలా చిన్నదిగా ఉంది. నువ్వు తిడితే బాగుండును.

అన్నయ్య


ఆసుపత్రి, మూడో అంతస్తు
అక్టోబరు 8

అన్నయ్యా,

తిట్టడానికి నోరు రావడం లేదు. వచ్చినప్పుడు తిడతాను.

నీ ఉత్తరం డాక్టరమ్మ చదివింది. రెండోసారి చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు ఒక నకలు పంపింది, కంపెనీకి ఒకటి నేను పట్టుకెళ్ళి ఇచ్చాను. సోమవారం కాలమ్ ఆపేశారు. ఇన్‌స్పెక్టరు వచ్చి నీ సంతకం ఉన్న పుస్తకం తీసుకెళ్ళాడు. నీకూ పిలుపు వస్తుంది.

అంత విడమరిచి రాశావు గానీ ఒక సంగతి వదిలేశావు. ఆ మెట్ల మీద మూడు షిఫ్టులకు ముగ్గురు నిలబడతారు. మీ బావ ఒక్కరే కాదు. మిగతా ఇద్దరి గురించి నీ కాగితంలో ఒక్క మాట లేదు. అందుకని వాళ్ళిళ్ళకు నేనే వెళ్ళాను. ఒకతని భార్య తలుపు తీసి, నువ్వు చాలా మంచివాడివని, ప్రమోషన్ వచ్చి వెళ్ళేటప్పుడు అందరికీ చెప్పి వెళ్ళావని చెప్పింది. ఇద్దరికీ రక్తం తీశారు. ఒకతనిది బాగానే ఉంది. రెండో అతనికి, ఆ పొట్టాయనకు, రెండు రకాల కణాలు తగ్గాయట. ఇప్పుడు తెలిసింది కాబట్టి కోలుకుంటాడంది డాక్టరమ్మ. మేలో నువ్వు చెప్పి ఉంటే ఈ మాట మా గురించి అనేది.

మొన్న మధ్యాహ్నం ఆయనకు జ్వరం కాస్త దిగి తెలివిగా ఉంటే, చొక్కా వాసన సంగతి అడిగాను. నీ ఉత్తరం సంగతి ఎత్తలేదు. “నీకెప్పుడు తెలిసిందే?” అని ఆయనే నన్ను ఎదురడిగారు. మూడు నెలలు పనికి దూరంగా ఉండి వెళ్ళేసరికి ముక్కు తేటపడిందట, ఆగస్టు నాలుగున కుళాయి తిప్పగానే పోల్చుకున్నారట. పెళ్ళికి ముందు, అందరూ బెంజీన్ పోసే రోజుల్లో ఏళ్ళ తరబడి పీల్చిన వాసన, మర్చిపోతానా అన్నారు. ప్రమాదమని తెలుసా అంటే, తెలుసన్నారు.

మరి ఎందుకు నిలబడ్డారని అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“దిగి వచ్చేద్దామనే అనుకున్నానే. సీసా పక్కన పెట్టి రెండు మెట్లు దిగాను కూడా. అప్పుడు మీ అన్నయ్య ఉత్తరం గుర్తొచ్చింది. కాగితంలో ఉన్నది తప్ప ఇంకేదీ లేదని వాడు రాశాడు కదా. చదువుకున్నవాడు, తన చెల్లెలి మొగుణ్ణని చూసుకోకుండా రాస్తాడా? నా ముక్కే పాడైందనుకుని మళ్ళీ ఎక్కాను.”

ఇది చెప్పి నీళ్ళడిగారు. తాగించాను. తర్వాత, ఈ వాసన సంగతి ఎక్కడా అనకు, వాడి ఉద్యోగానికి మాట వస్తుందేమో అన్నారు.

అన్నయ్యా, ఆయన ఇప్పటికీ నీ జూలై ఉత్తరాన్నే నమ్ముతున్నారు. డాక్టరమ్మ ఆయనకేమీ చెప్పలేదు, నేను చెప్పొద్దన్నాను. ఇక ఉండేది రెండు వారాలో, మూడో అంటోంది. ఆ ఉత్తరం నా నోటితో చదివాను, ఆయన్ని నా చేత్తో పంపాను. నిజం రాసిన ఈ ఉత్తరం నేను చదవను. నీ కాగితం దుప్పటి కింద మడత పెట్టి ఉంచాను.

వచ్చి నువ్వే చదువు. చూడనిచ్చే వేళ నాలుగు నుంచి ఆరు.

నీ చెల్లెలు